నేయ్బా ద్రాక్షతోటల క్రయము

డొమినికన్ రిపబ్లిక్ దేశపు నైరృతి భాగమున, హైతీ సరిహద్దునకు అనతిదూరమున నున్న బహోరుకో మండలమునకు ముఖ్యపట్టణమై, ద్రాక్షతోటలకు ప్రసిద్ధి గాంచిన నేయ్బాలో, రాజధానీ నగరముకంటె స్వల్పమైన వెలకు భూమి లభించునని విని, ఆ తీగెపందిళ్ల నీడలో శేషజీవితము గడపవలెనని కోరు విదేశీయుల యాకాంక్షను నేను నిందింపను. అయినను, వెలను విచారించుటకు పూర్వము వారు జలమును విచారింపవలెనని నా దృఢాభిప్రాయము. ఆ పట్టణమునకు సమీపముననే, సముద్రమట్టముకంటె సుమారు 40 మీటర్లు దిగువన, మొసళ్లకు నెలవైన ఎన్రికీయో యను ఉప్పుసరస్సు కలదు. అది 2000 దశకపు మధ్యభాగము మొదలు ఏండ్ల తరబడి పొంగి, వేలాది హెక్టార్ల సేద్యభూమిని మ్రింగివేయగా, బోకా దె కచోన్ గ్రామమునే వేరొక చోటికి తరలింపవలసి వచ్చెను; 2014లో ఆ నూతన గ్రామము ప్రారంభింపబడెను. తీరమున చచ్చి నిలిచిన చెట్ల మోడులు ఏ దస్తావేజుకంటెను సత్యమును స్పష్టముగా పలుకును.

దస్తావేజుల మాట వేరొకటి. 1920 నుండి ఆ దేశమున, భూమిపై హక్కును ప్రభుత్వమే నమోదుచేసి నిర్ధారించు టోరెన్స్ పద్ధతి అమలులో నున్నను, అవిభక్తమైన కమతములో ఇంత భాగమని మాత్రము తెలిపి, ఎల్లలు చూపని హక్కుపత్రములు నేటికిని కలవు. అట్టి భూమికి 'దెస్లిందె' యను సరిహద్దు కొలత జరిపించి, ప్రత్యేక హక్కుపత్రము పుట్టించిన పిమ్మటనే పైకము చెల్లింపవలెను. విక్రేత తొందరపెట్టినచో తోటను వదలుకొనుటయే మేలు.