ప్రవేశం ఒక ఎత్తు, భృతి ఒక ఎత్తు

1913వ సంవత్సరంలో బరోడా సంస్థానం ఒక యువకుణ్ణి న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది. నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడు సంవత్సరాల విద్యార్థి వేతనం. చదువు ముగించి వచ్చిన పిదప పదేండ్లు సంస్థానంలో కొలువు చేయాలన్న ఒడంబడిక. ఆ యువకుడే భీమరావ్ రామ్‌జీ అంబేద్కర్. 1916లో ఆయన పై పరిశోధనకై లండన్ చేరాడు. పని ఊపందుకునే వేళకు వేతనం గడువు తీరిపోయింది. 1917లో చదువును నడిమధ్యలో విడిచి స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టిన సొమ్ము, కొల్హాపూర్ మహారాజు చేసిన సాయం, ఒక మిత్రుడు ఇచ్చిన అప్పు – ఈ మూడింటినీ కలుపుకొని మళ్ళీ లండన్ ఓడ ఎక్కేసరికి 1920 వచ్చింది. కొలంబియా డాక్టరేటు పట్టా చేతికి అందింది 1927లో.

అంతటి మేధావికి అడ్డు నిలిచినది బుద్ధి కాదు, గ్రంథాలు కావు. భృతి ముగిసే తేదీ. నూరేండ్లు గడిచినా ఈ సత్యంలో మార్పు లేదు. రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేయదలచిన విద్యార్థి ఏటా రెండు తలుపులు తట్టవలసి ఉంటుంది. ఒకటి ప్రవేశానిది, రెండవది భృతిది. మొదటి తలుపు తెరుచుకోగానే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రెండవ తలుపు సంగతి ఏడాది గడిచాక గాని గుర్తుకు రాదు.

అంశం వేరు, ప్రశ్న వేరు

ఈ రెండు తలుపులకూ తాళంచెవి ఒక్కటే. అది స్పష్టమైన పరిశోధన ప్రశ్న. దరఖాస్తులలో అత్యధికం ఇక్కడనే తేలిపోతాయి. “పంచాయతీలలో మహిళా రిజర్వేషన్లు – ఒక అధ్యయనం” అన్నది అంశమే గాని ప్రశ్న కాదు. దాని ఆధారంగా ఎన్ని పుటలైనా నింపవచ్చును. ఏ ఒక్క విషయాన్నీ నిర్ధారించనక్కరలేదు. “ఒక గ్రామంలో సర్పంచి స్థానం ఒక విడత మహిళలకు కేటాయింపబడి, మరుసటి విడత ఆ కేటాయింపు తొలగిపోయిన తరువాత, అక్కడి మహిళలు మళ్ళీ పోటీకి నిలుస్తున్నారా? నిలువని చోట వారిని ఆపుతున్నది కుటుంబమా, పార్టీయా, ఎన్నికల ఖర్చా?” – ఇది ప్రశ్న. దీనికి జవాబు అవును కావచ్చును, కాదు కావచ్చును. ఏ గ్రామాలకు వెళ్ళాలో, ఏ దస్త్రాలు చూడాలో, ఎవరిని ప్రశ్నించాలో అదే చెబుతుంది.

ఆ ప్రశ్నను తనకు ముందు ఎవరు అడిగారో తెలియడం రెండవ మెట్టు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలలో మహిళా నాయకత్వం ఖర్చుల ప్రాధాన్యాన్ని ఎలా మార్చిందో రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రకటించిన వ్యాసం చర్చించింది. ముంబయి నగరపాలక సంస్థ ఎన్నికలను పరిశీలించి రిఖిల్ భవ్నానీ 2009లో ప్రచురించిన వ్యాసం, రిజర్వేషన్ తొలగిన వార్డులలో మహిళ గెలిచే అవకాశం తక్కిన వార్డుల కంటె సుమారు ఐదు రెట్లు ఉన్నదని చూపింది. అయితే అది మహానగరం. గుంటూరు జిల్లా గ్రామంలోనో, నల్గొండ జిల్లా తండాలోనో ఇదే జరుగుతున్నదా? పూర్వుల పని ఎక్కడ ఆగిందో చూపి, అక్కడినుంచి తన అడుగు మొదలుపెట్టిన విద్యార్థి ప్రణాళికను ఎంపిక సంఘం చివరి పుట వరకు చదువుతుంది.

స్వదేశంలో మార్గం

మన దేశంలో పరిశోధన భృతికి రాజమార్గం జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ ఫెలోషిప్ పరీక్షలను 1984లో ఆరంభించింది. అధ్యాపక అర్హతను కూడా కలిపిన “నెట్” 1989 డిసెంబరులో మొదలయింది. రెండు పత్రాలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల కాలం. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. రాజనీతి శాస్త్రం ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే ఉంటుంది. కనుక తెలుగు మాధ్యమంలో ఎం.ఎ. చదివినవారు శాస్త్ర విషయంతోబాటు ఇంగ్లీషు పరిభాషను కూడా ముందుగానే అలవరచుకోవాలి. వారికి తెలియనిది విషయం కాదు, దాని పేరు మాత్రమే అయిన సందర్భాలు కొల్లలు.

2024 జూన్ నుంచి ఈ పరీక్ష ఫలితాలు మూడు శ్రేణులుగా వెలువడుతున్నాయి. మొదటి శ్రేణికి ఫెలోషిప్, అధ్యాపక అర్హత, పిహెచ్.డి. ప్రవేశార్హత మూడూ లభిస్తాయి. రెండవ శ్రేణికి ఫెలోషిప్ లేదు; తక్కినవి రెండూ ఉంటాయి. మూడవ శ్రేణికి పిహెచ్.డి. ప్రవేశార్హత ఒక్కటే. చివరి రెండు శ్రేణులవారికి ప్రవేశ సమయంలో పరీక్ష మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ కడతారు. ఆ మార్కులు ఒక్క సంవత్సరమే చెల్లుతాయి. ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 30 సంవత్సరాలు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు, దివ్యాంగులకు 5 సంవత్సరాల సడలింపు ఉన్నది. 2024 జూన్ 18న జరిగిన పరీక్ష మరునాడే రద్దయి, తిరిగి ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరిగిన ఉదంతం విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. వయోపరిమితి అంచున ఉన్నవారు ఒకే పరీక్షమీద ఆశలన్నీ పెట్టుకోరాదని అది నేర్పిన పాఠం.

ఇక లెక్క చూద్దాం. 2023 జనవరి 1 నుంచి అమలయిన రేట్ల ప్రకారం ఫెలోషిప్ మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. ఐదేండ్లకు అద్దె కాక మొత్తం 24 లక్షలు. అదే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, అదే తరగతిలో, అదే గైడు వద్ద ఉన్న మరో విద్యార్థికి ఫెలోషిప్ రాకపోతే దక్కేది నెలకు 8,000 రూపాయలు. అంటే ఏడాదికి 96,000. 2015 అక్టోబరులో ఆ చిన్న భృతిని సైతం నిలిపివేయదలచినప్పుడు ఢిల్లీలో నిధుల సంఘం కార్యాలయం ఎదుట విద్యార్థులు రోజుల తరబడి ఆందోళన చేయగా అది నిలిచింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో చేరినవారికి ఆ 8,000కూ భరోసా లేదు. ఈ వ్యత్యాసం భోజనానికే పరిమితం కాదు. చేతిలో సొమ్మున్నవాడు ఆరు నెలలు గ్రామాలలో ఉండి సమాచారం సేకరిస్తాడు. లేనివాడు గ్రంథాలయంలో దొరికిన నివేదికలతో సరిపెట్టుకుంటాడు. భృతి చివరకు సిద్ధాంత వ్యాసం స్వరూపాన్నే నిర్ణయిస్తుంది.

ఫెలోషిప్ చేజారినవారికి దారులన్నీ మూసుకుపోలేదు. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఇచ్చే డాక్టరల్ ఫెలోషిప్‌కు, ఏదైనా విశ్వవిద్యాలయంలో ఇప్పటికే నమోదైన విద్యార్థులు తమ ప్రణాళికతో దరఖాస్తు చేయవచ్చును. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికి ప్రత్యేక జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. మైనారిటీ విద్యార్థులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మాత్రం 2022–23 నుంచి కొత్తవారికి ఆగిపోయింది. పాత పుస్తకాలలో దాని పేరు చూసి ఆశపడరాదు.

కాలపరిమితి కూడా గుర్తుంచుకోదగినదే. 2022 నవంబరు నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం 3, గరిష్ఠంగా 6 సంవత్సరాలు. తిరిగి నమోదు చేసుకొంటే మరి రెండు. మహిళలకు, దివ్యాంగులకు అదనంగా ఇంకొక రెండు. ఫెలోషిప్ గడువు ఐదేండ్లే. ఆరవ ఏట ఏమి తిని వ్యాసం ముగించాలన్న ఆలోచన మొదటి ఏటనే చేయాలి.

సముద్రానికి ఆవల

అమెరికా పద్ధతి వేరు. అక్కడి పేరున్న రాజనీతి శాస్త్ర శాఖలు తాము చేర్చుకునే పిహెచ్.డి. విద్యార్థికి సాధారణంగా ఐదేండ్లపాటు బోధన రుసుము మాఫీ చేసి, జీవన భృతి ఇస్తాయి. బదులుగా కొన్నేండ్లు కింది తరగతులకు సహాయ బోధన చేయించుకుంటాయి. ప్రవేశం, భృతి ఒకే ఉత్తరంలో వస్తాయి. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలలలో. ఫలితాలు ఫిబ్రవరి, మార్చి నెలలలో. భృతితో కూడిన ఆహ్వానానికి ఏప్రిల్ 15 లోగా సమాధానం ఇవ్వమని విద్యార్థిని ఒత్తిడి చేయరాదని అనేక విశ్వవిద్యాలయాలు ఒప్పుకొన్నాయి. కనుక మొదట వచ్చిన ఉత్తరానికి తొందరపడి తలవంచనక్కరలేదు.

అక్కడ గైడు ఒక్కడే కాక, శాఖ అంతా కలిసి ఎంపిక చేస్తుంది. వారు చూసేవి మూడు. పరిశోధన ఆసక్తిని తెలిపే ఉద్దేశ ప్రకటన. స్వయంగా రాసిన ఒక మంచి వ్యాసం. ముగ్గురు ఆచార్యుల సిఫార్సు లేఖలు. “చురుకైన విద్యార్థి, సత్ప్రవర్తన గలవాడు” అన్న లేఖ ఎందుకూ కొరగాదు. ఫలానా వ్యాసంలో ఫలానా వాదాన్ని ఇలా ఎదుర్కొన్నాడు అని రాయగల ఆచార్యుణ్ణి రెండు నెలల ముందే ఆశ్రయించి, తన వ్యాసాన్ని ఆయన చేతికి ఇవ్వాలి. ఒక్కొక్క దరఖాస్తుకు రుసుము వంద డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. అడిగినవారికి మాఫీ చేసే విశ్వవిద్యాలయాలు అనేకం. అడగడానికి సిగ్గుపడి మానుకున్నవారే ఎక్కువ. 2025లో పలు అమెరికా విశ్వవిద్యాలయాలు నిధుల కొరతతో పరిశోధక ప్రవేశాలను కుదించాయి కనుక ఒకే దేశాన్ని నమ్ముకోవడం వివేకం కాదు.

బ్రిటన్‌లో ప్రవేశ పత్రం వచ్చినంత మాత్రాన భృతి వచ్చినట్లు కాదు. అక్కడ పూర్తి పరిశోధన ప్రణాళికను, తగిన పర్యవేక్షకుణ్ణి ముందే చూసుకోవాలి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్, ఆక్స్‌ఫర్డులో క్లారెండన్, కేంబ్రిడ్జిలో గేట్స్ వంటి పోటీలలో విడిగా నెగ్గాలి. జర్మనీలో పరిశోధకుణ్ణి పాక్షిక ఉద్యోగిగా ఒప్పందం మీద నియమించుకోవడం వాడుక.

మన కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు మొదలైన వర్గాల పేద విద్యార్థులకు విదేశీ చదువుకై జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తున్నది. అయితే 2022లో సవరించిన నిబంధనలు భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు చెందిన అంశాలకు అది వర్తించదని నిర్దేశించాయి. పంచాయతీల మీదనో, కుల రాజకీయాల మీదనో పరిశోధించదలచిన విద్యార్థికి ఇది నేరుగా తగిలే నిబంధన. దరఖాస్తు రాయక ముందే ఆ ఏటి నిబంధనలను పూర్తిగా చదవాలి.

చేరే ముందు అడగవలసినవి

ఉత్తరం ఏ దేశం నుంచి వచ్చినా విద్యార్థి కొన్ని ప్రశ్నలకు రాతపూర్వక జవాబు రాబట్టుకోవాలి. భృతి ఎన్నేండ్లు? ఏడాదికి పన్నెండు నెలలా, తొమ్మిది నెలలేనా? వైద్య బీమా అందులో చేరి ఉన్నదా? వారానికి ఎన్ని గంటల పని చేయాలి? క్షేత్ర పరిశోధనకు ప్రయాణ ఖర్చు ఎవరిది? గైడు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఏర్పాటేమి? స్వదేశంలోనైతే, భృతి నెలనెలా అందుతున్నదా, మాసాల తరబడి నిలిచిపోతున్నదా అని ఆ శాఖలోని సీనియర్లను అడిగితే కార్యాలయం చెప్పని సంగతి తెలుస్తుంది. మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము చేతిలో ఉంచుకొని చేరడం క్షేమం.

రాజ్యం, అధికారం, హక్కు, వనరుల పంపకం – ఇవి ఈ శాస్త్రం నిత్యం చర్చించే విషయాలు. ఎవరికి ఏమి దక్కుతున్నది, ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్నను ప్రభుత్వాల గురించి అడగడం నేర్చిన విద్యార్థి, తన భృతి గురించి అడగడానికి వెనుదీయనవసరం లేదు.