సర్టిఫికెట్‌కు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికా సీసం పెయింట్ చెప్పే పాఠం

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లిన మీ సీనియర్ ఎవరైనా పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటే ఒక మాట అడిగి చూడండి. లీజు కాగితాలతో పాటు సీసం పెయింట్ గురించి ఒక ఫారం, ఒక చిన్న పుస్తకం ఇచ్చారా అని. ‘ఏదో ఇచ్చారు, చదవకుండానే సంతకం పెట్టేశా’ అనే జవాబు రావచ్చు. 1978కి ముందు కట్టిన ఇంటిని అమ్మినా, అద్దెకిచ్చినా అందులోని సీసం పెయింట్ గురించి యజమాని తనకు తెలిసింది ముందే చెప్పాలి. అది అక్కడి చట్టం.

మన సీనియర్ చదవకుండా వదిలేసిన ఆ కాగితం వెనక ఓ ఉద్యోగాల వ్యవస్థే ఉంది. గోడల్ని పరీక్షించేవాళ్లు, ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్లు, సీసం పొరల్ని జాగ్రత్తగా తొలగించేవాళ్లు, వీళ్లందరికీ శిక్షణనిచ్చే సంస్థలు, వాటిని తనిఖీ చేసే రాష్ట్ర అధికారులు ఉంటారు. ఈ యంత్రాంగంలో కొంత భాగం ప్రభుత్వ గ్రాంట్లతో నడుస్తుంది. ‘సీసం పెయింట్‌తో మనకేం పని?’ అనుకోకండి. ఏ సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అనే ప్రశ్న మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే, దానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

నిషేధం ఒక్కటే చాలలేదు

పెయింట్‌కు మెరుపు, మన్నిక రావడానికి, త్వరగా ఆరడానికి ఒకప్పుడు సీసం సమ్మేళనాలు కలిపేవారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల సురక్షిత మోతాదంటూ ఏదీ తేలలేదు. అందుకే 1978లో అమెరికా ఇళ్లకు వేసే సీసం పెయింట్‌ను నిషేధించింది.

కానీ నిషేధం కొత్త డబ్బాలకే వర్తిస్తుంది. అప్పటికే గోడల మీదున్న రంగు ఎక్కడికీ పోదు కదా! పైన మరో పూత వేసినా కింద పాతది అలాగే ఉంటుంది. పొర చెదరనంత కాలం పెద్ద సమస్య రాదు. కిటికీ తలుపు రాసుకున్నప్పుడు, రంగు పెచ్చులూడినప్పుడు, రిపేరుకొచ్చిన మనిషి గీకినప్పుడు అది దుమ్మై నేల మీద పడుతుంది. నేల మీద పాకే పసివాళ్లు ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటారు. దాదాపు 3.1 కోట్ల ఇళ్లలో సీసం పెయింట్ ఇంకా ఉందని, వాటిలో 38 లక్షల ఇళ్లలో ఆరేళ్లలోపు పిల్లలున్నారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2024లో చెప్పింది. నిషేధం వచ్చిన 46 ఏళ్ల తర్వాతి లెక్క ఇది!

చిత్రం ఏమిటంటే, ఇంటిని బాగుచేద్దామని చేసే పనే తెలియనివాళ్లు చేస్తే ప్రమాదాన్ని పెంచుతుంది. అందుకే 1992లో అమెరికా కాంగ్రెస్ ఇళ్లలోని సీసం పెయింట్ ప్రమాదాల మీద ప్రత్యేక చట్టం చేసింది. ఈ పని చేసేవాళ్లకు శిక్షణ, సర్టిఫికేషన్ తప్పనిసరి చేయడానికి అదే దారి వేసింది.

ఎవరీ నిపుణులు?

ఈ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఐదు రకాల నిపుణులున్నారు. ఇన్‌స్పెక్టర్‌కు కనీసం 24 గంటల శిక్షణ కావాలి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే పరికరాన్ని గోడకు ఆనించి, రంగును గీకకుండానే లోపల సీసం ఎంతుందో చూడటం ఈయన పని. రిస్క్ అసెసర్ కావాలంటే ఆ కోర్సు తర్వాత మరో 16 గంటల శిక్షణ. దుమ్ము, మట్టి నమూనాలు తీసి ఎక్కడ ప్రమాదం ఉందో, ఏం చేయాలో ఈయన రిపోర్టు రాస్తారు. తొలగింపు పనిచేసే వర్కర్‌కు 16 గంటలు, వాళ్ల సూపర్‌వైజర్‌కు 32 గంటలు. సూపర్‌వైజర్ కోర్సు పూర్తిచేశాక మరో 8 గంటలు చదివితే ప్రాజెక్ట్ డిజైనర్. ఇన్‌స్పెక్టర్, రిస్క్ అసెసర్, సూపర్‌వైజర్లు కోర్సు పరీక్షతో పాటు విడిగా సర్టిఫికేషన్ పరీక్ష కూడా రాయాలి. రిస్క్ అసెసర్‌కు డిగ్రీ ఉంటే సంబంధిత రంగంలో ఏడాది అనుభవం అడుగుతారు. హైస్కూల్ చదువే ఉంటే మూడేళ్ల అనుభవం కావాలి.

వీళ్లు కాక 2010 ఏప్రిల్ నుంచి మరో వర్గం చేరింది. సీసం తొలగించడానికి కాకుండా మామూలు రిపేరుకు, పెయింటింగ్‌కు వచ్చేవాళ్లు కూడా 1978కి ముందు ఇంట్లో కొంత మేరకు మించి రంగును కదిలిస్తే నిబంధనలు పాటించాల్సిందే. గదిలో ఆరు చదరపు అడుగులు, ఇంటి బయట 20 చదరపు అడుగులు దాటితే ఇది వర్తిస్తుంది. అక్కడ 8 గంటల కోర్సు చేసిన ‘సర్టిఫైడ్ రెనొవేటర్’ ఉండాలి. ఆయన పనిచేసే సంస్థకు కూడా విడిగా సర్టిఫికెట్ ఉండాలి.

గంటలు చూస్తే ఇవి చిన్న కోర్సులే. మనం ఆన్‌లైన్‌లో చేసే చాలా కోర్సులు ఇంతకన్నా పెద్దవి. మరి 8 గంటల కోర్సుకు అంత విలువేంటి? ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆ పని చేయడానికి వీల్లేదు. విలువంతా అక్కడే ఉంది.

గ్రాంటు ఎవరి చేతికి వెళ్తుంది?

‘గ్రాంటు’ అనగానే మన అకౌంట్‌లో పడే స్కాలర్‌షిప్ గుర్తొస్తుంది. ఇది అలా కాదు. 1992 చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా ఈ సర్టిఫికేషన్ కార్యక్రమాన్ని తానే నడుపుతానని ముందుకు రావచ్చు. ఫెడరల్ ప్రమాణాలకు తగ్గకుండా ఉంటే ఈపీఏ ఆమోదిస్తుంది, నిర్వహణకు గ్రాంటు ఇస్తుంది. స్థానిక అమెరికన్ తెగల ప్రభుత్వాలకు కూడా ఈ అవకాశం ఉంది. శిక్షణ సంస్థలకు గుర్తింపు ఇవ్వడం, అభ్యర్థులకు సర్టిఫికెట్లు జారీ చేయడం, సైట్లను తనిఖీ చేయడం, ఉల్లంఘించినవాళ్ల మీద చర్యలు తీసుకోవడం, ఇవీ ఆ డబ్బుతో జరిగే పనులు. దాదాపు 40 రాష్ట్రాలు సీసం తొలగింపు నిపుణుల కార్యక్రమాన్ని సొంతంగా నడుపుతున్నాయి. మిగతాచోట్ల ఈపీఏ నేరుగా చూసుకుంటుంది.

ఇందులో ఖర్చు మరీ ఎక్కువ కాదు. 2016లో రాష్ట్రాలకు, తెగలకు కలిపి ఈ గ్రాంటు సుమారు 1.4 కోట్ల డాలర్లు. మరోవైపు గృహ నిర్మాణ శాఖ ‘హడ్’ తక్కువ ఆదాయ కుటుంబాల ఇళ్లలో సీసం ప్రమాదాలను తొలగించడానికి నగరాలకు, రాష్ట్రాలకు అంతకు చాలా రెట్లు ఎక్కువ గ్రాంట్లు ఇస్తోంది. ఒక గ్రాంటు నిపుణుల్ని తయారు చేస్తుంది, రెండోది వాళ్లకు పని చూపిస్తుంది. రెండూ ఉంటేనే సర్టిఫికెట్ పట్టుకున్న మనిషికి జీతం వస్తుంది. శిక్షణ ఇచ్చేసి పని సంగతి మరిచిపోయిన స్కిల్ పథకాల్ని మనం ఎన్ని చూడలేదు?

ఒక హెచ్చరిక. ‘అమెరికా ప్రభుత్వ గ్రాంటుతో ఉచిత సర్టిఫికేషన్, ఆపైన ఉద్యోగం’ అని ఎవరైనా కన్సల్టెన్సీ పేరుతో చెబితే నమ్మకండి. ఈ గ్రాంట్లు విదేశీ విద్యార్థుల కోసం ఉద్దేశించినవి కావు. ఈ సర్టిఫికెట్ వీసా తెచ్చిపెట్టదు. అక్కడ సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివి, పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉన్నవాళ్లకు మాత్రం కన్సల్టింగ్ సంస్థల్లో చేరేటప్పుడు ఇది ఒక అదనపు అర్హత.

తనిఖీ లేకపోతే కాగితమే

చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు. 2020 డిసెంబరులో హోమ్ డిపో అనే భారీ రిటైల్ సంస్థ 2.075 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. కస్టమర్ల ఇళ్లలో పనులకు సర్టిఫికెట్ లేని కాంట్రాక్టర్లను పంపిందని, సీసం జాగ్రత్తలు పాటించేలా చూడలేదని దాని మీద అభియోగం. ఆ కేసులో ఈపీఏతో పాటు యూటా, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్ రాష్ట్రాలు కూడా ఉన్నాయి.

ఒక్కసారి కాంట్రాక్టర్ వైపు నుంచి ఆలోచించండి. సర్టిఫైడ్ మనిషిని పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుంది. పెట్టుకోకపోతే అడిగేవాడు లేనప్పుడు ఎందుకు పెట్టుకుంటాడు? అంత పెద్ద కంపెనీకి జరిమానా పడిందని తెలిశాక లెక్క మారుతుంది. తనిఖీ అధికారి జీతానికి పెట్టిన డబ్బు పరోక్షంగా సర్టిఫైడ్ వర్కర్ ఉద్యోగాన్ని కూడా కాపాడుతుందన్నమాట.

నిబంధన బిగిసినా అంతే. 2024 అక్టోబరులో ఈపీఏ దుమ్ములో సీసం పరిమితుల్ని తగ్గించింది. తొలగింపు పని ముగిశాక నేల మీద చదరపు అడుగుకు 10 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకునేవారు, దాన్ని 5కు దించింది. పరిమితి తగ్గితే శుభ్రం చేసే పని పెరుగుతుంది, నిపుణుడి అవసరమూ పెరుగుతుంది.

డబ్బు ఆగితే?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ప్రభుత్వం పుట్టించిన ఉద్యోగానికి ప్రభుత్వం మారితే గండం ఉంటుంది. 2017లో ట్రంప్ ప్రభుత్వం తన బడ్జెట్ ప్రతిపాదనలో ఈపీఏ సీసం కార్యక్రమాన్ని, రాష్ట్రాలకిచ్చే ఈ గ్రాంట్లను ఎత్తేస్తామంది. ఆ పని రాష్ట్రాలే చూసుకోగలవన్నది దాని వాదన. కాంగ్రెస్ ఒప్పుకోలేదు, గ్రాంట్లు నిలిచాయి.

2025లో దెబ్బ వేరే చోట పడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో పాత ప్రభుత్వ పాఠశాలల్లో పెచ్చులూడిన పెయింట్ వల్ల పిల్లల రక్తంలో సీసం చేరిందని తేలింది. కొన్ని బడుల్ని తాత్కాలికంగా మూశారు. నగర ఆరోగ్య విభాగం జాతీయ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సాయం కోరింది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 1న, సీడీసీలో పిల్లల సీసం సమస్యను చూసే బృందానికి లేఆఫ్ నోటీసులు వెళ్లాయి. సాయం చేయలేమన్న జవాబు మిల్వాకీకి వచ్చింది. ఇది సర్టిఫికేషన్ గ్రాంటు కాదు, మరో సంస్థ, మరో బడ్జెట్. అయినా సంగతి ఒకటే. నిపుణులు ఉన్నారు, సమస్యా ఉంది. మధ్యలో జీతాలిచ్చే పద్దు లేదు. నష్టపోయింది ఉద్యోగులు మాత్రమే కాదు, ఆ బడిలో చదివే పిల్లలు కూడా.

మన దగ్గర?

మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంటే డబ్బా మీద నియంత్రణ వచ్చింది. అంతకుముందు గ్రిల్స్‌కు, తలుపులకు వేసిన ఎనామెల్ పూతల మాటేంటి? సంక్రాంతికి ముందు మన వీధిలో పెయింటర్ అన్న మాస్కు లేకుండా ఎమెరీ పేపర్‌తో పాత రంగును గీకుతుంటాడు. పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. ఆ పనికి సర్టిఫికెట్ ఉండాలని అడిగే అమెరికా తరహా నిబంధన మనకు లేదు. అవసరం మాత్రం ఉంది.

కాబట్టి మన దగ్గర ఇప్పుడు ‘లెడ్ ఇన్‌స్పెక్టర్’ కోర్సుకు వేలు పోయడం తెలివైన పని కాదు. చట్టం పుట్టించిన గిరాకీ ఎక్కడుందో అక్కడ చూడండి. 2001 ఇంధన పరిరక్షణ చట్టం వచ్చింది కాబట్టే బీఈఈ ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలకు విలువ వచ్చింది. కరెంటు, ఇంధనం భారీగా వాడే పరిశ్రమలు అలాంటివాళ్లను పెట్టుకోక తప్పదు. 2025 ఆగస్టులో కేంద్రం పర్యావరణ ఆడిట్ నిబంధనలు తెచ్చింది. పరిశ్రమల్ని ఆడిట్ చేసే సర్టిఫైడ్, రిజిస్టర్డ్ ఆడిటర్లనే కొత్త వర్గానికి ఇవి తలుపు తెరిచాయి. ఈ రెండు దారుల్లోనూ అర్హతలు, అనుభవం షరతులు ఉంటాయి. నోటిఫికేషన్ మీరే చదవండి, కోచింగ్ సెంటర్ పాంప్లెట్ మీద ఆధారపడకండి.

ఫీజు కట్టే ముందు ఐదు ప్రశ్నలు

బీటెక్ అయిన మొదటి ఏడాది నేను నాలుగు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కొన్నాను. ఒక్క ఇంటర్వ్యూలోనూ వాటి గురించి అడగలేదు. అప్పట్లో ఈ ప్రశ్నలు తెలిసి ఉంటే బాగుండేది.

1. ఈ సర్టిఫికెట్‌ను ఏ చట్టం లేదా ఏ నిబంధన అడుగుతోంది? పేరు, సంవత్సరం చెప్పగలగాలి.

2. ఇది ఉన్నవాళ్లను తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది ఎవరు? మీ జిల్లాలో అలాంటి సంస్థలు ఎన్ని?

3. పెట్టుకోకపోతే వాళ్లకు ఏమవుతుంది? ఎప్పుడైనా ఎవరికైనా జరిమానా పడిందా?

4. ఆ పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ప్రభుత్వ గ్రాంటు మీదే ఆధారపడితే, అది ఆగిన రోజు ఏమిటి పరిస్థితి?

5. ఎన్నేళ్లకు రెన్యువల్? సీసం నిపుణులు కూడా కొన్నేళ్లకోసారి రిఫ్రెషర్ చేయాల్సిందే.

ఐదింటికీ జవాబు దొరికితే ధైర్యంగా కట్టండి. మొదటి మూడింటికే జవాబు లేకపోతే అది చదువు కోసం చేసే కోర్సు, అంతే. నేర్చుకోవాలనే ఆసక్తితో చేస్తే తప్పు లేదు. ఉద్యోగం వస్తుందన్న నమ్మకంతో అమ్మానాన్నల డబ్బు మాత్రం దాని మీద పెట్టకండి.