అలంకారమా, అవసరమా?

చేతిఫోను రైతునకు నేడు అక్కఱలేదని ఎవ్వరును అనజాలరు. వానకబురు, చేపధర, సొమ్ము చెల్లింపు అన్నియు దానియందే యున్నవి. అయితే ఆ ఫోనునకు తగిలించు సామాను మాట వేఱు. భీమవరము, ఆకివీడు బజారులలో అద్దముపై అద్దము, తొడుగుపై తొడుగు, వెనుక వ్రేలియుంగరము, ఛార్జరు రంధ్రమున గ్రుచ్చు బొటనవ్రేలంత పంకా అమ్ముచున్నారు.

ఇట్టి మోజు క్రొత్తది కాదు. మన పెద్దలు ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగిరి, మెడలకు మువ్వల పట్టెడలు కట్టిరి. మువ్వల చప్పుడు చీకటిలో బండిరాకను తెలిపెడిది. కుప్పె మాత్రము కేవలము ముద్దునకే. అది ముద్దేయని అందఱకును తెలియును. ఆ అలంకారము తాను అవసరమని బొంకలేదు. నేటి సామాను బొంకుచున్నది. ఇది లేనిదే ఫోను నిలువదనును. నూఱు రూపాయలే గదా యని మన చేయి జేబులోనికి పోవును.

జపానుదేశమున కెంజి కవకామి యను నాతడు నవ్వుకొఱకు ఇట్టి వింతవస్తువులను కూర్చి ‘చిందోగు’ అని పేరిడెను. 1995లో వెలువడిన ఆంగ్లగ్రంథముచే అవి లోకమునకు తెలిసినవి. వేడి నూడుల్సు చల్లార్చుటకు తినెడి పుల్లకు తగిలించిన చిన్న పంకా వానిలో నొకటి. వీనిని అమ్మరాదనుట ఆయన నియమము. నవ్వుటకు చేసిన పంకాను ఆయన అమ్మరాదనెను. మనము ఫోనుపంకాను వెలయిచ్చి కొనుచున్నాము!

అనుబంధములన్నియు వ్యర్థములని మా అభిప్రాయము కాదు. చెఱువున దిగువానికి నీరు చొరని సంచి మేలే. చెఱువునీటిలో ప్రాణవాయువు లీటరునకు సుమారు 5 మిల్లీగ్రాములుండుట మంచిది. రాత్రివేళ నీటిలోని నాచును దానిని పీల్చుటచే తెల్లవాఱుజామున అది మిక్కిలి తగ్గును. ఆ వేళ కరెంటు పోయి ఏరేటరు ఆగినదని ఫోనునకు తెలుపు పరికరము పంటను నిలుపవచ్చును. కాని జనరేటరులో డీజిలు లేకున్న దానివలన ఏమి లాభము? కబురు వచ్చును, చేప చచ్చును.

కావున కొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఇది లేని దినమున నా పనిలో ఏది చెడినది? జవాబు దొరకనిచో, ముద్దునకే కొనుచున్నామని ఒప్పుకొని కొనుడు, తప్పులేదు. అప్పుసొమ్ముతో మాత్రము వలదు. సంఘము అప్పిచ్చునది విత్తునకు, మేతకు. బొటనవ్రేలంత పంకాకు కాదు.