గుట్ట మీది పువ్వుకు పహాణీ ఏది?

భూమి మాదే అంటే సరిపోదు, కాయితం చూపియ్యాలె. మరి మా గుట్ట మీద తంగేడు విరగబూసేది అంటే సాక్ష్యం ఏది?

మొక్కకు పహాణీ అసొంటిదే హెర్బేరియం. పువ్వు, ఆకులున్న కొమ్మను పేపర్ల నడుమ ఒత్తి, ఆరబెట్టి, మందపాటి కాయితానికి అంటిస్తరు. మొక్క పేరు, ఊరు, తారీఖు, తెచ్చినోళ్ల పేరు కింద రాస్తరు. మంచిగ దాస్తే వందేండ్లయినా చెక్కుచెదరదు. హైదరాబాద్‌ల ఉస్మానియా యూనివర్సిటీల, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రంల గిట్లాంటివి ఉన్నయి.

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు గీ ముచ్చట ఇప్పుడెందుకు? జంట జలాశయాల కోసం 1996ల తెచ్చిన 111 జీవో 84 ఊర్లల కాలనీలకు, కంపెనీలకు అడ్డంబడ్డది. ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నమని 2022ల సర్కారు 69 జీవో ఇచ్చింది. ఇగ గజం రేటు అందరికీ ఎరుకే. రాష్ట్ర పువ్వు తంగేడు ఏ గుట్టకున్నదో, గునుగు ఏ బీడుల మొలుస్తదో ఎంతమందికెరుక?

కాయితంల ఏం లేకుంటే గుట్ట వట్టి ఖాళీ జాగనే. ఖాళీ జాగ అంటే ప్లాటే. రాసిపెట్టినంత మాత్రాన జేసీబీ ఆగదు. కానీ అడగనీకె ఒక ఆధారమైతే ఉంటది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి ఒక కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలె. మీ ఊరి రిజిస్టర్ ఏదని సెక్రటరీని అడుగుండ్రి. ఈ బతుకమ్మకు పువ్వు తెంపేటప్పుడు ఫొటో దీసి, జాగ, తారీఖు రాసుకోండ్రి. దాని పేరు అవ్వను అడుగుండ్రి.