లెక్క భీమలింగం కత్వ దగ్గర చూడండి

వలిగొండ దగ్గర మా చిన్నాయనకు మూసీ కాల్వ కింద రెండెకరాలు, బోరు కింద ఇరవై గుంటలు ఉన్నాయి. అమ్మే వడ్లు మూసీ కింద వేస్తాడు, ఇంట్లో తినేవి బోరు కింద. నాట్లకొచ్చే ఆడవాళ్లు కాళ్లకు నూనె పట్టించుకోనిదే మడిలో దిగరు. లేకపోతే రాత్రంతా గోక్కోవడమే. ఆ అమ్మే వడ్లు బియ్యమై ఎటు పోతాయంటారా? హైదరాబాద్ మూసీలో మాకు పంపింది మేం హైదరాబాద్‌కే తిప్పి పంపుతున్నాం.

నగరంలో మూసీ సుందరీకరణ అంటే నార్సింగి నుంచి గౌరెల్లి దాకా 55 కిలోమీటర్లు. నది మాత్రం గౌరెల్లితో ఆగదు, వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా పోతుంది. మధ్యలో మా భీమలింగం కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట. నీళ్లు దాని మీంచి దూకినప్పుడు తెల్లటి నురగ లేస్తుంది. గాలొస్తే ఆ ముద్దలు బండ్ల మీద వచ్చి పడతాయి. 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సంగెం వచ్చి ఈ గట్టు మీదే నడిచారు. కాబట్టి తెలియదనడానికి లేదు.

అయినా పని ఒడ్డు నుంచే మొదలైంది. చాదర్‌ఘాట్ పక్క బస్తీల్లో ఇళ్లు ముందు కూలాయి, నాలాలు మాత్రం ఎప్పటిలాగే పారుతున్నాయి. 1908 మూసీ వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్య మూలం వెతుక్కుంటూ నది ఎగువకు పోయి చూశారు. అందుకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇప్పటి జబ్బు పుట్టేది మరుగుదొడ్ల పైపుల్లో, ఫ్యాక్టరీల వెనక నాలాల్లో. మురుగుశుద్ధి కేంద్రంలో పని చేసేది సూక్ష్మజీవులు. మలమూత్రాలను అవి అరిగించుకుంటాయి కానీ, రసాయనాలు కలిస్తే అవే చస్తాయి. ఫ్యాక్టరీ నీళ్లను గేటు దగ్గరే పట్టుకోవాలి. గోదావరి నీళ్లు తెచ్చి కలుపుతామంటున్నారు. మురుగు పల్చబడుతుంది, పోదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఎండాకాలం మా కాల్వలో పారేది దాదాపు అంతా నగరం వాడి వదిలిందే. యాసంగి పంట దాని చలవే. అందుకే శుద్ధి చేసిన నీళ్లను పార్కులకనీ ఫౌంటెన్లకనీ నగరంలోనే ఆపేసుకుంటే మేం ఊరుకోం.

మేం అడిగేది ఒక బోర్డు. కత్వ దగ్గర వారం వారం నీటి పరీక్ష ఫలితం తెలుగులో రాసి పెట్టండి: ఆక్సిజన్ ఎంత, మలంలో ఉండే బ్యాక్టీరియా ఎంత, సీసం, క్రోమియం ఎంత. ఆ అంకెలు దారికొచ్చాక నదిలో పడవలు తిప్పుకుంటారో, ఒడ్డున మిర్చిబజ్జీ బండ్లు పెట్టుకుంటారో, టెండర్లు పిలుచుకోండి.