పురుగుకూ పొద్దుంది

"పురుగుకు పగలేమి, రాత్రేమి?" అని మా వీధి పెద్దాయన ఒకరు నన్ను చూసి నవ్వారు. నేనడిగింది ఒక్కటే. మా ఇంటి ముందరి పెద్ద లైటుకు పైన ఒక మూత పెట్టిస్తే వెలుగు దారి మీద మాత్రమే పడుతుంది కదా అని. ఇప్పుడది రాత్రంతా చింతచెట్టును పట్టపగలు చేస్తోంది. ఆయనకు ఇక్కడే జవాబు చెబుతాను.

పురుగుకు వేళ బాగా తెలుసు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ ఫోరెల్ ఉదయం ఆరుబయట పలహారం చేస్తుంటే తేనెటీగలు జాము కోసం వచ్చేవి. బల్ల మీద ఏమీ లేని రోజు కూడా అదే వేళకు వచ్చాయి! 1929లో ఇంగెబోర్గ్ బెలింగ్ రోజూ ఒకే వేళకు చక్కెర నీళ్లు పెట్టి, తర్వాత గిన్నె ఖాళీగా ఉంచి చూశారు. అవి ఆ వేళకే వచ్చాయి. అంటే తిండి వేళను గుర్తుపెట్టుకునే గడియారం వాటి ఒంట్లోనే ఉంది.

పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో ఆ గడియారం ఎట్లా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. దానికి రోజూ కీ ఇచ్చేది వెలుగు. గట్టి వెలుగు రేయింబవళ్లు ఆరకుండా ఉంటే ఈగ నిద్ర, మెలకువల లయే తప్పిపోతుంది. తిండి వేళ కూడా అంతే ముఖ్యం. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో కొన్ని ఈగలకు పగలు 12 గంటలే తిండి పెట్టారు. ఎప్పుడూ తిండి ముందున్న ఈగలకన్నా అవి రాత్రి బాగా నిద్రపోయాయి, వాటి గుండె కూడా ఎక్కువ కాలం బాగా పనిచేసింది.

"లైటు లేకపోతే ఆడపిల్లలు ఎట్లా తిరగాలి?" అంటారు. నేనూ ఆడపిల్లనే. లైటు తీసెయ్యమని నేను అనలేదు. నేను నడిచేది దారి మీద, చెట్టు మీద కాదు. కొమ్మల్లోకి పోయే వెలుగు నాకేం కాపలా కాస్తుంది? ఆ కరెంటు ఖర్చు ఎవరిది?

మనం ఈగలం కాము, నిజమే. కానీ అటువంటి గడియారపు జన్యువులు మనలోనూ ఉన్నాయి. పరీక్షలప్పుడు అర్ధరాత్రి దాకా లైటు వేసుకుని మిక్చర్ నమిలేదాన్ని నేనే. మా అవ్వ "పొద్దు పోయాక తినొద్దే" అంటే విసుక్కున్నదాన్నీ నేనే. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను, మానేశాను కూడా.

ఇక మీ వంతు, పెద్దాయనా. ఆ లైటుకు మూత పెట్టించండి.