‘ఏరు’ అంటే నీళ్లు

దక్షిణ బస్తరులో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా, సుక్మా జిల్లా కుంట తాలూకాలో కిష్టారమనే గ్రామమున్నది. పేరు వింటే మన ఊరే అనిపిస్తుంది. ఆ వైపు సంతలలో తెలుగు చెల్లుతుంది. మిరప ఏరుటకు భద్రాచలం వైపు దిగివచ్చే కూలీలలో ఆ ప్రాంతంవారిని మనం ఏటా చూస్తూనే ఉంటాము. కాని వారి ఇంటి మాట తెలుగు కాదు, కోయ. బస్తరులో దానికే దోర్లీ అని పేరు, మాట్లాడేవారు దోర్లలు. బడిలో ఇచ్చే పుస్తకమేమో హిందీ. ఇంటికొక భాష, సంతకొక భాష, చదువుకొక భాష. ఆరేళ్ల పసివాడు పలక పట్టేనాటికే మూడు గడపలు దాటవలసియున్నది.

అనువాదమే వృత్తిగా గలవారికి ఈ కోయమాటలు ఒక వింత పాఠం. కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు. ‘లోను’ అంటే ఇల్లు. ‘నారు’ అంటే ఊరు. మూడూ తెలుగు చెవికి బంధువులే, మూడూ మోసగించే బంధువులే. తెలుగు పంతులు ‘ఏరు దాటి వచ్చాను’ అంటే పిల్లవాడికి నీళ్లు కనబడతాయి. అది కొంత నయం. ‘నారు పోశారు’ అంటే ఊరు ఊరంతా మడిలో పోసినట్లు తోస్తుంది. వాడు బిక్కమొగం వేస్తాడు. పంతులు వాడిని మందబుద్ధి అనుకుంటాడు. అడవిబిడ్డలకు చదువు అబ్బదనే మాట దేశమంతటా ఇంత తేలికగా చలామణి కావడానికి ఇటువంటి చిన్న చిన్న అపార్థాలు ఎంత తోడ్పడినవో ఎవరూ లెక్క కట్టలేదు.

ఈ చిక్కును దగ్గరనుండి చూసినవారిలో దుమ్ముగూడెం మిషను వారొకరు. గోదావరిని మధ్యభారతం వరకు పడవలకు యోగ్యంగా చేయాలని ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకంలో, దుమ్ముగూడెం వద్ద పనులు చూసిన ఇంజనీరు ఎఫ్. టి. హేగ్. ఆయన చొరవతోనే 1860ల ఆరంభంలో అక్కడ చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైనది. పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం విరమించుకున్నది. నదిలో కట్టిన రాళ్లు మిగిలినవి, బడి మిగిలినది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల తరబడి ఆ ఊళ్లోనే ఉండిపోయినాడు. 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో ఆయన భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్రాసిన వ్యాసాలు, కోయల పెండ్లి, చావు, నమ్మకం, మాట అన్నిటికీ తొలినాటి ఆధారాలు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో కోయల అధ్యాయం చాలవరకు కెయిన్ మీదనే ఆధారపడినది. ఆయన దృష్టిలో ఆనాటి తెల్లదొర లేకపోలేదు. అయినా చెవి మాత్రం శ్రద్ధగల చెవి.

వారి ఉద్దేశం మతమే, దానిని దాచవలసిన పనిలేదు. లూకా సువార్త ఈ మిషను వారి చేతిమీదుగానే కోయలోకి వచ్చినది. సేవ వెనుక మతమార్పిడి ఉద్దేశం ఉండరాదని గాంధీజీ పదేపదే వాదించినారు. ఆ వాదనలో బలమున్నది. అయితే ఒక గ్రంథాన్ని తమ భాషలోకి తేవడానికి ముందు ఎవరో ఒకరు గుడిసె ముందు కూర్చుని, దీనిని మీరేమంటారు, దానిని ఏమంటారు అని అడగవలసివచ్చినది. కోయవారిని అంతకుముందు పన్ను ఎంత అని అడిగినవారే గాని మాట ఏమిటని అడిగినవారు అరుదు. చిగురుపన్ను వంటి భారాలే 1879 రంప తిరుగుబాటుకు నిప్పు రాజేసి, ఆ సెగ ఈ తాలూకాలకూ తాకినది.

అడవి బడిలో పంతులు చేయని పని లేదు. ఉదయం అక్షరాలు, మధ్యాహ్నం జ్వరానికి మందు, సాయంత్రం ఎవరిదో అర్జీ వ్రాయడం. ఏటి తిథులు కూడా అతని చేతిలో ఉండవు. ఇప్పపువ్వు రాలే రోజులలో పిల్లలు తెల్లవారకముందే చెట్ల కింద ఉంటారు. తునికాకు కాలంలో ఇంటిల్లిపాదీ అడవిలోనే. విత్తనాల పండుగనాడు బడి తెరిచినా వినేవారుండరు. హాజరుపట్టీని చూసి కోపగించుకునే పంతులు ఒక ఏడాదికి మించి నిలువడు. నిలిచినవాడు పట్టీని పక్కనబెట్టి తానూ ఇప్పచెట్టు కిందికి వెళ్లినవాడే.

తెల్లవారు మన అడవులకు వచ్చిన కథ కొంతైనా తెలిసినదే. తెలుగువాడు ఆఫ్రికాకు పంతులై, బోధకుడై వెళ్లిన కథ బహుకొద్దిమందికి తెలుసు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ‘ట్రూరో’ నౌక డర్బను చేరినది మొదలు 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయులు బాండు కూలీలుగా నేటాలు చేరినారు. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి వెళ్లినవారే; తెలుగువారు వేలల్లో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటికొక షిల్లింగు పెంపు. గడువు తీరినాక తిరిగి బాండు వ్రాయనివారిపై 1895 చట్టం ఏడాదికి మూడు పౌండ్ల తలపన్ను వేసినది. బాండు కూలి లెక్కన నాలుగైదు నెలల కష్టం! అది 1914లో గాని రద్దు కాలేదు.

అక్కడి తెలుగు బాప్టిస్టులు తమకొక బోధకుడు కావాలని స్వదేశానికి కబురంపినారు. నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య 1903లో భార్యాబిడ్డలతో ఓడ ఎక్కినాడు. ఆయనను పంపినది విదేశీ సొసైటీ కాదు, తెలుగు క్రైస్తవులే ఏర్పరచుకున్న స్వదేశీ మిషను సంఘం. డర్బనుకు ఉత్తరాన, హ్యూలెట్ వారి తేయాకు తోటలున్న కియర్స్‌నీలో, ఆ ఏడాది డిసెంబరులోనే మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడినది. కూలీలు వారానికి ఆరు రోజులు తోటలోనే. తోట దాటాలంటే అనుమతి చీటీ కావాలి. కనుక బోధకుడికి మిగిలేవి రాత్రులూ, ఆదివారమూ. ఒక తోటనుండి మరొక తోటకు తిరగడం ఆయన వంతు. భారతీయ బాలలకు ఆ రోజులలో బడి అంటే అధికభాగం సర్కారు సహాయం పొందే మిషను బడియే. రంగయ్య 1915లో ఆ గడ్డమీదనే కన్నుమూసినాడు.

ఆ పిల్లల స్థితిని గమనించండి. ఇంట్లో తెలుగు. తోటలో మేస్త్రీతో, జూలూ కూలీతో ఫనగలో అనే కలగాపులగపు భాష. బడిలో ఇంగ్లీషు. అచ్చంగా కిష్టారం లెక్కయే. అక్కడ చిన్నబోయిన భాష మనది. రంగయ్య దిగిన 1903 జూనులోనే డర్బనులో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక పుట్టినది. గాంధీజీ పూనికతో వెలువడిన ఆ పత్రికలో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ విభాగాలుండినవి. తెలుగు లేదు. తప్పు పట్టడానికి కాదు ఈ మాట. అచ్చు అక్షరాలు, వ్రాసేవారు దొరకడమూ కష్టమే. కాని తన అక్షరం కూలివాడి కంటబడే చోటు ప్రార్థనశాల, రామభజన తప్ప వేరే లేకపోవడం గమనించదగినది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ వెలసి తెలుగు తరగతులు నడిపినది. 2014లో దక్షిణాఫ్రికా విద్యాశాఖ ఐచ్ఛిక పాఠ్యభాషల పట్టికలో తెలుగును చేర్చినది. అప్పటికి మూడు తరాల ఇండ్లలో ఇంగ్లీషు స్థిరపడియున్నది.

కోయకు గల అదృష్టం అది ఇంకా ఇంటి భాషగా ఉండడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రయోగం మొదలైనప్పుడు కోయకూ చోటు దొరికినది, తెలుగు లిపిలోనే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో స్థానిక భాషలలో బోధన ప్రకటించినప్పుడు దోర్లీ పేరు కూడా చేర్చినది. అయితే సుక్మాలో ముందుగా బడులే ఉండాలి కదా! 2005 తరువాతి హింసాకాండలో ఆ జిల్లాలో ఎన్నో పాఠశాలలు మూతపడి, కొన్ని నేలమట్టమైనవి. తిరిగి తెరిచినచోట్ల, బయటివారు వెళ్లలేని ఊళ్లలో, ఆ ఊరి యువకులనే కొద్ది భృతి మీద బోధకులుగా పెట్టినారు. వారికిచ్చిన పేరు ‘శిక్షాదూత’. మిషనరీ అనే మాటకు మూలార్థం పంపబడినవాడని. దూత అన్నా అదే. వీరిని మాత్రం ఎవరూ ఎక్కడినుండీ పంపలేదు, వీరు అక్కడివారే. ఇటీవలి సంవత్సరాలలో వీరిలో కొందరు హత్యకు గురైనారు. మిగిలినవారు బడి నడుపుతున్నారు. పిల్లవాడు ‘ఏరు’ అని అడిగితే ముంత అందిస్తారు. ఆ తరువాత పలకమీద ‘పానీ’ అని వ్రాయిస్తారు.